గవర్నరు వ్యవస్థ – సలహా, విచక్షణ, హద్దులు

రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసే ప్రతి ఉత్తర్వు చివర "గవర్నరు ఉత్తర్వు మేరకు, వారి పేరిట" అనే వాక్యం ఉంటుంది. దాని కింద సంబంధిత శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. ఒక వంతెన మంజూరైనా, ఒక అధికారి బదిలీ అయినా, ఒక పథకానికి నిధులు విడుదలైనా ఉత్తర్వు గవర్నరు పేరిటే వెలువడుతుంది. ఆ కాగితాన్ని గవర్నరు చూసి ఉండవలసిన అవసరం లేదు. అదే సమయంలో, గవర్నరు స్వయంగా రాసే ఒక్క లేఖ ఒక ప్రభుత్వ భవితవ్యాన్ని నిర్ణయించగల సందర్భాలూ ఉన్నాయి. ఈ రెండు స్థితులూ ఒకే పదవిలో ఇమిడి ఉండడమే గవర్నరు వ్యవస్థ విశిష్టత.

ఏ నిర్ణయం మంత్రివర్గానిది, ఏది గవర్నరుది అన్న వివేచన వార్త రాసే పాత్రికేయులకు, దస్త్రం నడిపే అధికారులకు ఎంతో అవసరం. ఈ తేడా మరుగున పడితే మంత్రివర్గం వహించవలసిన బాధ్యత గవర్నరుపైకి, గవర్నరు వహించవలసిన బాధ్యత మంత్రివర్గంపైకి పోతుంది. ఎవరిని ప్రశ్నించాలో ప్రజలకు తెలియకుండా పోతుంది. ఈ దృష్టితో రాజ్యాంగ నిబంధనలను, న్యాయస్థానాల తీర్పులను, తెలుగు రాష్ట్రాల అనుభవాలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

రాజ్యాంగంలో స్థానం

ప్రతి రాష్ట్రానికి ఒక గవర్నరు ఉండాలని 153వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఒకే వ్యక్తిని రెండు లేక అంతకు మించిన రాష్ట్రాలకు గవర్నరుగా నియమించే వెసులుబాటును 1956లో 7వ సవరణ కల్పించింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం శ్రీ ఇ.ఎస్.ఎల్. నరసింహన్ 2019 వరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటికీ గవర్నరుగా కొనసాగిన విషయం విదితమే.

గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. భారత పౌరులై, 35 సంవత్సరాలు నిండినవారు ఇందుకు అర్హులు. పదవీకాలం సాధారణంగా 5 సంవత్సరాలు. అయితే రాష్ట్రపతి అభీష్టం ఉన్నంతవరకే పదవిలో కొనసాగుతారని 156వ అధికరణం చెబుతున్నది. రాజ్యాంగ సభ తొలి ఆలోచన ఇది కాదు. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ అధ్యక్షతన 1947లో పనిచేసిన కమిటీ గవర్నరును వయోజన ఓటింగు ద్వారా ప్రజలే ఎన్నుకోవాలని ప్రతిపాదించింది. ప్రజలు ఎన్నుకున్న గవర్నరు, శాసనసభ విశ్వాసం పొందిన ముఖ్యమంత్రి ఒకే రాష్ట్రంలో ఉంటే ఇద్దరి మధ్య ఘర్షణ తప్పదన్న అభిప్రాయం తరువాత బలపడింది. దరిమిలా 1949లో నియామక పద్ధతిని రాజ్యాంగ సభ ఆమోదించింది. ప్రజాతీర్పుతో వచ్చిన అధికారం ఒక్కచోటే, అంటే మంత్రివర్గం వద్దనే ఉండాలన్నది ఈ మార్పు వెనుక గల ఉద్దేశం. గవర్నరు అధికారాలపై తలెత్తే ప్రతి వివాదాన్నీ ఈ నేపథ్యంలోనే చూడడం సముచితం.

నియమించేది కేంద్రమే అయినా గవర్నరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కారని సుప్రీంకోర్టు 1979లో స్పష్టం చేసింది. సహేతుకమైన కారణం లేకుండా, కేవలం కేంద్రంలో ప్రభుత్వం మారిందన్న కారణంతో గవర్నరును తొలగించడం తగదని 2010లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 159వ అధికరణం ప్రకారం గవర్నరు చేసే ప్రమాణంలో రాజ్యాంగాన్ని, చట్టాన్ని పరిరక్షించడం, రాష్ట్ర ప్రజల సేవకు, శ్రేయస్సుకు అంకితం కావడం ప్రధానాంశాలు.

మంత్రివర్గ సలహాయే సాధారణ నియమం

గవర్నరు తన విధులను ముఖ్యమంత్రి నాయకత్వంలోని మంత్రివర్గ సహాయంతో, సలహాతో నిర్వహించాలని 163వ అధికరణం పేర్కొంటున్నది. రాజ్యాంగం విచక్షణకు విడిచిపెట్టిన అంశాలు మాత్రమే ఇందుకు మినహాయింపు. 1974లో షంషేర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సూత్రాన్ని నిర్ద్వంద్వంగా ప్రకటించింది. ఆర్డినెన్సుల జారీ, శాసనసభ సమావేశాల ఏర్పాటు, శిక్షల తగ్గింపు వంటివన్నీ గవర్నరు పేరిట జరిగినా నిర్ణయం మంత్రివర్గానిదే.

శాసనసభనుద్దేశించి గవర్నరు చేసే ప్రసంగం ఇందుకు చక్కని ఉదాహరణ. ప్రసంగంలో "నా ప్రభుత్వం" అన్న మాట వినిపిస్తుంది. కాని ఆ పాఠాన్ని ఆమోదించేది మంత్రివర్గం. ప్రసంగానికి ధన్యవాదాలు తెలిపే తీర్మానంపై జరిగే చర్చ వాస్తవానికి ప్రభుత్వ విధానాలపై చర్చే. తెలంగాణలో 2022 బడ్జెట్ సమావేశాలు గవర్నరు ప్రసంగం లేకుండానే జరిగాయి. అంతకుముందు సమావేశాలు ముగిసినట్లు ప్రకటించనందున అవి కొత్త సమావేశాలు కావని ప్రభుత్వం వివరించింది. 2023లో బడ్జెట్ ఆమోదం విషయం హైకోర్టు వరకు వెళ్లగా, ఇరుపక్షాల మధ్య అవగాహన కుదిరి ఆ ఏడాది ఫిబ్రవరి 3న గవర్నరు ఉభయ సభలనుద్దేశించి ప్రసంగించారు. సంప్రదాయం దెబ్బతిన్నప్పుడు దానిని సరిదిద్దేందుకు సంభాషణే మార్గమని ఈ ఉదంతం తెలుపుతున్నది.

161వ అధికరణం కింద క్షమాభిక్ష ప్రసాదించే అధికారం కూడ మంత్రివర్గ సలహాపై ఆధారపడినదే. ఆ సలహా సరైన అంశాల ప్రాతిపదికన లేకపోతే న్యాయసమీక్షకు లోబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో ఇచ్చిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు 2006లో రద్దు చేసింది. కులం, మతం, రాజకీయ విధేయత వంటి అంశాలకు ఇందులో తావుండరాదని ఆ సందర్భంలో వ్యాఖ్యానించింది. తన అధికార విధుల నిర్వహణకు గవర్నరు వ్యక్తిగతంగా కోర్టుకు జవాబు చెప్పనక్కరలేదని 361వ అధికరణం రక్షణ కల్పిస్తున్నది. అయితే ఆ నిర్ణయం చెల్లుతుందా లేదా అన్నది మాత్రం న్యాయస్థానం పరిశీలించవచ్చు.

విచక్షణకు చోటు ఎక్కడ?

ఎవరికీ స్పష్టమైన ఆధిక్యం లేనప్పుడు ముఖ్యమంత్రిగా ఎవరిని ఆహ్వానించాలి? మంత్రివర్గం మెజారిటీ కోల్పోయిందన్న వాదన వచ్చినప్పుడు ఏమి చేయాలి? రాజ్యాంగబద్ధ పాలన సాధ్యం కాదని రాష్ట్రపతికి ఎప్పుడు నివేదించాలి? ఇటువంటి ప్రశ్నలకు మంత్రివర్గ సలహా సరిపోదు. ఎందుకంటే ఆ మంత్రివర్గం కొనసాగింపే అక్కడ ప్రశ్నార్థకం. గవర్నరు విచక్షణకు ఇది ప్రధాన క్షేత్రం. వివాదాలు అధికంగా తలెత్తేదీ ఇక్కడే.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరాలలోనే ఇటువంటి పరిస్థితి ఎదురైంది. 1954 నవంబరులో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు మంత్రివర్గం మద్య నిషేధం అంశంపై శాసనసభలో ఓడిపోయింది. శ్రీ చందూలాల్ మాధవ్‌లాల్ త్రివేది అప్పుడు గవర్నరుగా ఉన్నారు. రాష్ట్రపతి పాలన విధించి, ఎన్నికలు నిర్వహించిన మీదట 1955 మార్చిలో శ్రీ బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. ఆ మంత్రివర్గానికి మెజారిటీ లేదని తేల్చినది శాసనసభే తప్ప గవర్నరు కాదు.

1984 నేర్పిన పాఠం

ముప్పయి సంవత్సరాల తరువాత ఇందుకు భిన్నమైన ఘటన చోటు చేసుకున్నది. ముఖ్యమంత్రి శ్రీ ఎన్.టి. రామారావు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, 1984 ఆగస్టు 16న, గవర్నరు శ్రీ రామ్‌లాల్ ఆయన మంత్రివర్గాన్ని తొలగించారు. శ్రీ నాదెండ్ల భాస్కరరావుచే ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. శాసనసభలో తన బలాన్ని నిరూపించుకునేందుకు శ్రీ రామారావు సిద్ధపడినా అవకాశం లభించలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం మెజారిటీ నిరూపణకు నెల రోజుల గడువు లభించింది. మద్దతునిస్తున్న శాసనసభ్యులను వెంటబెట్టుకుని శ్రీ రామారావు ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఎదుట హాజరుపరిచారు. రాష్ట్రవ్యాప్తంగా ప్రజాందోళన చెలరేగింది. ఆగస్టు నెలలోనే గవర్నరు మారారు. డాక్టర్ శంకర్ దయాళ్ శర్మ ఆ బాధ్యతలు చేపట్టారు. 1984 సెప్టెంబరు 16న శ్రీ రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.

294 స్థానాలున్న శాసనసభలో ఎవరి బలం ఎంతో తేల్చే పని సభకు బదులు గవర్నరు నివాసంలో జరిగినందువల్లనే నెల రోజులపాటు రాష్ట్రం అనిశ్చితిలో పడింది. ఈ పాఠం అప్పటికి చట్టం కాలేదు. మరో పదేళ్లకు, పొరుగు రాష్ట్రమైన కర్ణాటక కేసులో అది దేశమంతటికీ శాసనమైంది.

1989లో కర్ణాటక ముఖ్యమంత్రి శ్రీ ఎస్.ఆర్. బొమ్మై మెజారిటీ కోల్పోయారని అప్పటి గవర్నరు శ్రీ పెండేకంటి వెంకటసుబ్బయ్య నివేదించారు. కర్నూలు జిల్లాకు చెందిన ఆయన తెలుగువారికి సుపరిచితులు. సభలో బలనిరూపణకు శ్రీ బొమ్మై కోరినా అవకాశం రాకుండానే ఆ ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఈ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1994 మార్చి 11న తీర్పునిచ్చింది. మంత్రివర్గ బలాన్ని తేల్చవలసిన వేదిక శాసనసభ మాత్రమేనని, అది గవర్నరు వ్యక్తిగత అంచనాకు సంబంధించిన విషయం కాదని స్పష్టం చేసింది. 356వ అధికరణం కింద చేసే ప్రకటన న్యాయసమీక్షకు అతీతం కాదని కూడ ప్రకటించింది.

తదుపరి తీర్పులు ఈ సూత్రాన్ని మరింత పటిష్ఠం చేశాయి. బీహార్ శాసనసభను 2005లో రద్దు చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2006లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. శాసనసభ సమావేశాన్ని గవర్నరు స్వయంగా ముందుకు జరపడం చెల్లదని 2016లో అరుణాచల్ ప్రదేశ్ కేసులో తీర్పు చెప్పింది. 2018 మేలో కర్ణాటకలో గవర్నరు బలనిరూపణకు ఇచ్చిన 15 రోజుల గడువును కోర్టు గణనీయంగా తగ్గించి, మే 19నే సభలో పరీక్ష జరపాలని ఆదేశించింది. 2023 మే 11న మహారాష్ట్ర కేసులో ఇంకొక హద్దు ఏర్పడింది. ఒక పార్టీలోని అంతర్గత విభేదాల ఆధారంగా బలపరీక్షకు గవర్నరు ఆదేశించడం సమర్థనీయం కాదని కోర్టు తేల్చింది. బలపరీక్ష సభలో జరగాలన్నది మొదటి నియమం కాగా, దానిని కోరేందుకు తగిన ఆధారం ఉండాలన్నది రెండవ నియమం.

సభ రద్దు సిఫారసు

మెజారిటీపై సందేహం లేని మంత్రివర్గం సభ రద్దును కోరితే గవర్నరు అంగీకరించడం సంప్రదాయం. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ మంత్రివర్గం సిఫారసు చేసిన రోజునే గవర్నరు శాసనసభను రద్దు చేసి, ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖర్ రావును ఆపద్ధర్మంగా కొనసాగవలసిందిగా కోరారు. మెజారిటీయే వివాదాస్పదమైనప్పుడు పరిస్థితి వేరు. 1995 ఆగస్టులో తెలుగుదేశం శాసనసభా పక్షం చీలిన సమయాన శ్రీ ఎన్.టి. రామారావు రద్దును కోరినా గవర్నరు శ్రీ కృష్ణకాంత్ ఆమోదించలేదు. సెప్టెంబరు 1న శ్రీ ఎన్. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. కోరిక ఒకటే అయినా, దానిని కోరిన మంత్రివర్గానికి సభ విశ్వాసం ఉన్నదా లేదా అన్నదే రెండు సందర్భాలకూ గల భేదం.

బిల్లులు – కాలం ప్రశ్న

ఉభయ సభలు, లేక శాసనమండలి లేని చోట శాసనసభ, ఆమోదించిన బిల్లు గవర్నరు సమ్మతితోనే చట్టమవుతుంది. 200వ అధికరణం ప్రకారం గవర్నరు సమ్మతి తెలపవచ్చు. ద్రవ్య బిల్లు కానిపక్షంలో పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు. రాష్ట్రపతి పరిశీలనకు ప్రత్యేకించవచ్చు. తిప్పి పంపేటప్పుడు "వీలైనంత త్వరగా" అన్నారే గాని రాజ్యాంగం గడువు పెట్టలేదు. ఈ మౌనమే ఇటీవలి సంవత్సరాలలో పెద్ద వివాదమైంది.

పది బిల్లులు గవర్నరు వద్ద నిలిచిపోయాయంటూ తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చిలో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఏప్రిల్ 24న ఆ పిటిషనుపై విచారణ ముగిస్తూ, "వీలైనంత త్వరగా" అన్న మాటకు రాజ్యాంగపరమైన ప్రాముఖ్యం ఉన్నదని, దానిని గుర్తుంచుకోవాలని కోర్టు పేర్కొన్నది. సమ్మతి నిరాకరించదలిస్తే బిల్లును సభకు తిప్పి పంపవలసిందేనని అదే ఏడాది నవంబరు 10న పంజాబ్ కేసులో తీర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మరింత ముందుకు వెళ్లి గడువులు నిర్దేశించడమే గాక, నిలిచిపోయిన పది బిల్లులకు సమ్మతి లభించినట్లే భావించాలని ప్రకటించింది.

దీనిపై రాష్ట్రపతి 143వ అధికరణం కింద కోర్టు అభిప్రాయాన్ని కోరారు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2025 నవంబరు 20న అభిప్రాయం వెలువరించింది. రాజ్యాంగంలో లేని గడువులను న్యాయస్థానం విధించజాలదని, సమ్మతి లభించినట్లు భావించే పద్ధతికి రాజ్యాంగంలో చోటు లేదని తెలిపింది. అదే సమయంలో బిల్లును తిప్పి పంపకుండా ఊరక నిలిపి ఉంచే అధికారం గవర్నరుకు లేదని చెప్పింది. కారణం చెప్పకుండా సుదీర్ఘకాలం నిష్క్రియగా ఉంటే, నిర్ణయం ఏదన్న దాని జోలికి పోకుండా, నిర్ణయం తీసుకోవాలని మాత్రం కోర్టు ఆదేశించవచ్చని వివరించింది. సారాంశమేమంటే, గవర్నరుకు ఆలోచించే సమయం ఉన్నది గాని సభ నిర్ణయాన్ని మౌనంతో రద్దు చేసే అధికారం లేదు.

గిరిజన ప్రాంతాలు – ప్రత్యేక బాధ్యత

రాజకీయ వార్తలలో అంతగా కనిపించకపోయినా, ప్రజల జీవితాలపై లోతైన ప్రభావం చూపే బాధ్యత 5వ షెడ్యూలులో ఉన్నది. షెడ్యూల్డు ప్రాంతాల పాలనపై గవర్నరు రాష్ట్రపతికి నివేదిక సమర్పించాలి. ఆ ప్రాంతాలలో ఏ చట్టం వర్తించరాదో, ఏ మార్పులతో వర్తించాలో నిర్దేశించవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో నిబంధనలు చేయవచ్చు.

గిరిజనుల భూములు పరాధీనం కాకుండా కాపాడుతున్న 1959 నాటి 1వ రెగ్యులేషను ఈ అధికారంతో వెలువడినదే. 1963లో దీనిని తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. 1970 నాటి సవరణతో ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరుల మధ్య భూ బదలాయింపును కూడ నిషేధించారు. విశాఖపట్నం జిల్లా అనంతగిరి ప్రాంతంలోని గనుల లీజులపై 1997లో వెలువడిన సమతా తీర్పుకు ఈ రెగ్యులేషనే ఆధారం. ఈ అధికారానికీ హద్దులున్నాయి. షెడ్యూల్డు ప్రాంతాలలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వెలువడిన 3వ నంబరు జి.ఓ.ను, నూరు శాతం రిజర్వేషను చెల్లదన్న కారణంతో సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది.

విభజన చట్టం కూడ గవర్నరుకు ఒక ప్రత్యేక బాధ్యతను అప్పగించింది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 8వ సెక్షను ప్రకారం ఉమ్మడి రాజధాని ప్రాంతవాసుల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తుల భద్రతకు సంబంధించి గవర్నరు తెలంగాణ మంత్రివర్గాన్ని సంప్రదించి, స్వీయ నిర్ణయం తీసుకోవచ్చు. 2024 జూన్ 2తో పదేళ్ల ఉమ్మడి రాజధాని కాలపరిమితి ముగిసింది.

ప్రజాజీవితంలో పాత్ర

విశ్వవిద్యాలయాల కులపతిగా గవర్నరు వహించే పాత్ర మరో కోవకు చెందినది. అది రాజ్యాంగం ఇచ్చినది కాక, విశ్వవిద్యాలయ చట్టం ఇచ్చినది. కనుక ఆ అధికార పరిధిని ఆ చట్టంలోనే వెదకాలి. కేరళలోని కన్నూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి పునర్నియామకాన్ని సుప్రీంకోర్టు 2023 నవంబరు 30న రద్దు చేస్తూ, కులపతి ఇటువంటి విషయాలలో స్వతంత్రంగా వ్యవహరించాలని, ప్రభుత్వ ఒత్తిడికి లోను కారాదని పేర్కొన్నది. రెడ్‌క్రాస్ రాష్ట్ర శాఖ అధ్యక్షులుగా రక్తదానం, విపత్తు సహాయం వంటి కార్యక్రమాలకు గవర్నర్లు అందించే ప్రోత్సాహం కూడ ప్రజలకు సుపరిచితమే.

ఈ పదవిని అలంకరించినవారి నేపథ్యాలు విభిన్నమైనవి. ఆంధ్రప్రదేశ్ గవర్నర్లలో సైన్యాధిపతిగా పనిచేసిన జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్, రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన డాక్టర్ సి. రంగరాజన్ ఉన్నారు. డాక్టర్ శంకర్ దయాళ్ శర్మ తదుపరి రాష్ట్రపతి కాగా, శ్రీ కృష్ణకాంత్ ఉపరాష్ట్రపతి అయ్యారు. హైదరాబాదుకు చెందిన శ్రీమతి సరోజినీ నాయుడు 1947లో దేశంలోనే తొలి మహిళా గవర్నరుగా సంయుక్త రాష్ట్రాల బాధ్యతలు చేపట్టారు. డాక్టర్ మర్రి చెన్నారెడ్డి, శ్రీ కొణిజేటి రోశయ్య, శ్రీ సిహెచ్. విద్యాసాగర్‌రావు వంటి తెలుగువారు ఇతర రాష్ట్రాలలో ఈ బాధ్యత నిర్వహించారు.

కమిషన్ల సూచనలు

1983లో ఏర్పడి 1988లో నివేదిక సమర్పించిన సర్కారియా కమిషను, గవర్నరు ఆ రాష్ట్రానికి వెలుపలివారై, స్థానిక రాజకీయాలతో సంబంధం లేనివారై ఉండాలని, నియామకానికి ముందు ముఖ్యమంత్రిని సంప్రదించాలని సూచించింది. జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన గల కమిషను 2002లో బిల్లులపై నిర్ణయానికి నాలుగు నెలలు, పూంఛీ కమిషను 2010లో ఆరు నెలలు గడువుగా సూచించాయి. ఇవి రాజ్యాంగ సవరణ రూపం దాల్చలేదు. కాబట్టి నేటికీ సంప్రదాయాలు, కోర్టు తీర్పులే మార్గదర్శకాలు.

గవర్నరు చర్య ఏదైనా వార్తగా లేక దస్త్రంగా ముందుకు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం ఉపయుక్తం. ఈ అధికారం రాజ్యాంగంలోని ఏ అధికరణం నుంచి, లేక ఏ చట్టం నుంచి వచ్చింది? ఇది మంత్రివర్గ సలహా మేరకు జరిగిందా, లేక విచక్షణ మేరకా? విచక్షణ అయితే, తుది మాట చెప్పవలసిన శాసనసభకు ఆ అవకాశం లభించిందా? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే బాధ్యత ఎవరిదో తేలుతుంది. మూడవ ప్రశ్నకు జవాబు "లేదు" అయిన సందర్భాన ఎంతటి అనిశ్చితి నెలకొంటుందో 1984 ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో రాష్ట్ర ప్రజలు ప్రత్యక్షంగా చూశారు.